ఫెర్రీ ఉద్యోగానికి సెక్యూరిటీ కోర్సు: పెట్టిన డబ్బుకి తగ్గదేనా?

ముందే చెప్పేస్తాను, 5కి 3.5 ఇస్తున్నాను. అందులో రెండు మార్కులు ఒక్క మధ్యాహ్నం క్లాసుకే. మిగతా కోర్సంతా కలిపి ఒకటిన్నర.

దీని పూర్తి పేరు ‘సెక్యూరిటీ ట్రైనింగ్ ఫర్ సీఫేరర్స్ విత్ డెజిగ్నేటెడ్ సెక్యూరిటీ డ్యూటీస్’. అంత పేరు ఎవరూ పలకరు, ఎస్‌టీఎస్‌డీఎస్‌డీ అంటారు. ఓడలో కాపలా, తనిఖీ, సోదా లాంటి పనులు ఎవరికి అప్పగించినా వాళ్ల దగ్గర ఈ సర్టిఫికెట్ ఉండాలి. నేను చెన్నైలో ఒక ప్రైవేటు మారిటైమ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేశాను. పేరు రాయడం లేదు. డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) ఆమోదం ఉన్న చోటు ఏదైనా సిలబస్ ఒకటే. తేడా వచ్చేదల్లా పాఠం చెప్పే మనిషి దగ్గర, అక్కడున్న సామాను దగ్గర. ఇప్పుడు రెండు దేశాల మధ్య తిరిగే ఒక ప్యాసింజర్ ఫెర్రీలో ప్యాసింజర్ సర్వీస్ స్టాఫ్‌గా ఉన్నాను. ఏ ఫెర్రీ, ఏ రూటు అన్నవి అడగొద్దు. ఓడ సెక్యూరిటీ ప్లాన్ అనేది బయటివాళ్ల కంట పడకూడని కాగితమని కోర్సులోనే నేర్పారు. ఎవరు ఏ తలుపు దగ్గర ఏ టైమ్‌లో నిలబడతారో నెట్‌లో రాసేస్తే ఆ చదువు చదివి ఏం లాభం?

కోర్సు అయిన మర్నాడే రాసిన రివ్యూలు చాలా చూశాను. ‘ఫ్యాకల్టీ సూపర్, ఫుడ్ ఓకే’ అని ఉంటాయి. అందుకే నేను ఒక సీజన్ డ్యూటీ చేశాక, నేర్పినదాంట్లో ఏది పనికొచ్చిందో ఏది రాలేదో తెలిశాక రాస్తున్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది విశాఖపట్నం. ఓడల్లోకి రాకముందు ఒక షాపింగ్ మాల్ గేటు దగ్గర, పరదా వెనక నిలబడి ఆడవాళ్లని చెక్ చేసే పని చేశాను. ఆ పనికి ట్రైనింగ్ అంటూ ఏమీ లేదు. మెటల్ డిటెక్టర్ చేతికిచ్చి ‘ఇలా పైనుంచి కిందకి తిప్పమ్మా’ అన్నారు, అంతే. సంక్రాంతి ముందు వారం లైను రోడ్డు దాకా వచ్చేస్తే అది కూతపెట్టినా పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు. తర్వాత హాస్పిటాలిటీ డిప్లొమా చేసి ఫెర్రీ ఉద్యోగానికి అప్లై చేశాను. ఇంట్లో భయపడ్డారు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగిన వార్తలు మా అమ్మ ఇంకా మర్చిపోలేదు. ‘ఓడ మీద సెక్యూరిటీ పనా, నీకెందుకే’ అంది. ఆవిడ మనసులో సెక్యూరిటీ అంటే ఏటీఎం ముందు కుర్చీ వేసుక్కూర్చునే ముసలాయన.

కోర్సులో చేరేముందు ఒక ఏజెంట్ సలహా తీసుకున్నాను. ‘మీది సర్వీస్ సైడ్ కదమ్మా, అవేర్‌నెస్ చాలు’ అన్నాడు. ఈ మాట నమ్మొద్దు. అంతర్జాతీయ నియమాల్లో సెక్యూరిటీ చదువు మెట్లుమెట్లుగా ఉంది. ఓడలో పనిచేసే అందరికీ కావలసింది అవేర్‌నెస్, ఐఎంవో (ఐక్యరాజ్యసమితి సముద్రయాన సంస్థ) మోడల్ కోర్సు 3.27. సెక్యూరిటీ పనులు అప్పగించేవాళ్లకి ఇది, మోడల్ కోర్సు 3.26. ఆ పైన షిప్ సెక్యూరిటీ ఆఫీసర్ కోర్సు వేరే ఉంది. సరుకు ఓడ మీద వంటవాడికి అవేర్‌నెస్ సరిపోవచ్చేమో గానీ ఫెర్రీలో టీ అందించే అమ్మాయి కూడా ప్రయాణికుల బ్యాగులు చూడాలి, సీట్ల కింద వెతకాలి, తాళం వేసి ఉండాల్సిన తలుపు వేసుందో లేదో చూడాలి. మా కంపెనీ హెచ్‌ఆర్ అడిగింది కూడా 3.26 సర్టిఫికెట్‌నే. ఏజెంట్ మాట వినుంటే రెండుసార్లు ఫీజు కట్టేదాన్ని.

చరిత్ర భాగం క్లాసులో పూటంతా సాగింది. ఇక్కడ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత 2002 డిసెంబరులో ఐఎంవో దేశాలు కూర్చుని ఓడలకి, పోర్టులకి సెక్యూరిటీ నియమావళి అయిన ఐఎస్‌పీఎస్ కోడ్ రాసుకున్నాయి. అది 2004 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదట్లో ట్రైనింగ్ భారమంతా ఆఫీసర్ల మీదే ఉండేది. సిబ్బంది అందరికీ సెక్యూరిటీ చదువు తప్పనిసరి అన్నది, నావికుల ట్రైనింగ్ నియమాలైన ఎస్‌టీసీడబ్ల్యూకి 2010లో మనీలాలో చేసిన సవరణలతో వచ్చి 2012 జనవరి 1 నుంచి అమలైంది. సెక్యూరిటీ లెవల్స్ మూడు. ఒకటి మామూలు రోజులది, రెండు ప్రమాదం పెరిగినప్పటిది, మూడు ముప్పు ముంచుకొచ్చినప్పటిది. లెవల్ ఎంతో చెప్పేది ప్రభుత్వం. పోర్టులో లెవల్ రెండు నడుస్తుంటే ఆ పోర్టులో ఓడ ఒకటిలో ఉండడానికి వీల్లేదు. పరీక్షలో వీటి మీద ప్రశ్నలు తప్పకుండా వస్తాయి, బట్టీ పట్టండి.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. మా బ్యాచ్‌లో దాదాపు అందరూ బల్క్ క్యారియర్లు, ట్యాంకర్లు ఎక్కబోయే కుర్రాళ్లు. సోంపేట, కవిటి వైపు నుంచి వచ్చినవాళ్లు కొందరు నాకు తోడయ్యారు, ‘అక్కా’ అంటూ నోట్సు కోసం నా చుట్టూ తిరిగేవాళ్లు. ఆడవాళ్లం ఇద్దరమే. పాఠాలు కూడా కుర్రాళ్ల అవసరానికి తగ్గట్టే ఉన్నాయి. గ్యాంగ్‌వే వాచ్ (ఓడెక్కే మెట్ల దగ్గర కాపలా) ఎలా చెయ్యాలి, విజిటర్ లాగ్‌బుక్ ఎలా రాయాలి, దొంగచాటుగా ఎక్కేవాళ్లు ఎక్కడ దాక్కుంటారు, సోమాలియా దొంగలు నిచ్చెన ఎలా వేస్తారు, ముళ్లకంచె ఎలా చుట్టాలి. అన్నీ అవసరమైనవే. కానీ ఓడలోకి రోజుకి పదిమంది వచ్చే చోట గ్యాంగ్‌వే కాయడం ఒక పని, అరగంటలో వందమంది పిల్లాజెల్లాతో, అట్టపెట్టెలతో ఎక్కే చోట కాయడం ఇంకో పని. మొదటి రోజు మొత్తం మీద ‘ప్యాసింజర్’ అన్న మాట స్లైడ్ల మీద ఒకే ఒక చోట కనిపించింది, అదీ వైట్ స్టార్ (టైటానిక్ నడిపిన కంపెనీ) కాలం నాటి ఓడ బొమ్మ కింద. ఆ పీపీటీ ఎప్పుడు తయారుచేశారో గానీ రంగులు వెలిసిపోయి ఉన్నాయి.

పరికరాల సంగతి ఇంకా అన్యాయం. సిలబస్‌లో సెక్యూరిటీ పరికరాల వాడకం అని ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. ఇన్‌స్టిట్యూట్‌లో ఎక్స్‌రే మెషిన్ ఉంది, మీద కవర్ కప్పి ఉంది. ‘సర్వీసుకి ఇచ్చాం’ అన్నారు. మెషిన్ అక్కడే కనబడుతుంటే సర్వీసుకి ఇవ్వడమేమిటో అర్థం కాలేదు. ఎక్స్‌రే బొమ్మలు ప్రింట్లు తీసి చూపించారు. చేతి మెటల్ డిటెక్టర్ క్లాసు మొత్తానికి ఒకటే. దాన్ని ఎలా పట్టుకోవాలో కుర్రాళ్లు నన్నడిగారు. మాల్ ఉద్యోగం అక్కడ పనికొచ్చింది.

ఇక ఆ రెండు మార్కుల మధ్యాహ్నం.

ప్యాసింజర్ ఓడల మీద సెక్యూరిటీ ఆఫీసరుగా పనిచేసి రిటైరైన ఒక సారు గెస్ట్ లెక్చర్‌కి వచ్చారు. పీపీటీ పెట్టలేదు. బోర్డు మీద మూడు సంవత్సరాలు రాశారు: 1999, 2004, 2007. ‘మూడు ఫెర్రీలు. ఒకదాని దగ్గర డ్యూటీలో ఉన్నవాళ్లు చూశారు, పట్టుకున్నారు. ఒకదాంట్లో చూడలేదు. ఇంకోదాంట్లో లేనిది చూశారు’ అన్నారు. అక్కడి నుంచి క్లాసులో ఫోన్ చూసినవాళ్లు లేరు.

2004 ఫిలిప్పీన్స్‌ది. సూపర్‌ఫెర్రీ 14 మనీలా నుంచి దాదాపు తొమ్మిదొందల మందితో రాత్రిపూట బయల్దేరింది. ఓడ సముద్రంలోకి వెళ్లిన కాసేపటికి, ఫిబ్రవరి 27 అర్ధరాత్రి దాటాక, కింది డెక్‌లో పేలుడు, మంటలు. 116 మంది చనిపోయారు. బాంబు వచ్చింది ఒక టీవీ సెట్‌లో, మూడున్నర కిలోలకి పైగా టీఎన్‌టీ. దాన్ని తెచ్చినవాడు టికెట్ కొన్న ప్రయాణికుడే. టీవీని తన పడక దగ్గర పెట్టి, ఓడ కదిలేలోపే దిగిపోయాడు. ముందు ఏదో గ్యాస్ పేలుడనుకున్నారు. బాంబేనని ప్రభుత్వం ప్రకటించేసరికి అక్టోబరు వచ్చింది.

సారు ఇక్కడ ఆగి అడిగారు: ‘మీరు ఆ ఫెర్రీ మెట్ల దగ్గర ఉన్నారు. ఒకడు టీవీ మోసుకొస్తున్నాడు. ఆపుతారా?’ సోంపేట కుర్రాడు ‘ఆపుతాను సార్’ అన్నాడు. ‘ఎందుకు? ఊరికి టీవీ పట్టుకెళ్లని మనిషి ఉంటాడా?’ నిజమే. దుబాయ్ నుంచి వచ్చే మనవాళ్ల ట్రాలీల మీద ఏళ్ల తరబడి చూసినవి అవే కదా. ఆ టీవీని పైకి చూసి పట్టుకోవడం దాదాపు అసాధ్యమని సారు ఒప్పుకున్నారు. దొరకాల్సింది ఇంకోచోట: సామాను ఓడలో ఉంది, మనిషి లేడు. ఎక్కిన మనిషి మళ్లీ దిగిపోతే ఆ సంగతి ఎవరికైనా తెలిసే పద్ధతి ఉందా? దిగినవాడి సామాను కూడా దిగిందా? ఎక్కే లెక్క అందరూ రాస్తారు, దిగే లెక్క రాసేవాళ్లు ఎవరు? బోర్డింగ్ టైమ్‌లో ‘ఒక్క నిమిషం, కిందకెళ్లి వస్తా’ అనేవాళ్లు ఈరోజుకీ నాకు ప్రతి ట్రిప్పులో తగులుతారు. ఒకరికి సిగరెట్, ఒకరికి మర్చిపోయిన మందులు. వాళ్ల బ్యాగులు కూడా వాళ్లతోనే కిందకి పంపిస్తాను. విసుక్కుంటారు, విసుక్కోనీ.

1999ది అమెరికా కథ. డిసెంబరు 14న కెనడాలోని విక్టోరియా నుంచి కోహో అనే ఫెర్రీ వాషింగ్టన్ రాష్ట్రంలోని పోర్ట్ ఏంజలస్ చేరింది. చివరగా దిగిన కారు అహ్మద్ రెస్సం అనేవాడిది. విక్టోరియాలో ఒకసారి చెకింగ్ అయింది, వదిలేశారు. ఇటువైపు డయానా డీన్ అనే కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ మామూలు ప్రశ్నలే అడిగింది, ఎక్కడికి వెళ్తున్నారు, ఏం పని అని. వాడు తడబడ్డాడు, చేతులు కుదురుగా లేవు. ఆవిడ ఫారం చేతికిచ్చి నింపమంది. తర్వాత కారు డిక్కీ తెరిపిస్తే స్పేర్ టైరు ఉండాల్సిన చోట పేలుడు పదార్థాలు. మొదట మత్తుమందు అనుకున్నారట. వాడు లాస్ ఏంజెలెస్ విమానాశ్రయాన్ని పేల్చడానికి బయల్దేరినవాడు. సారు చెప్పిన పాఠం ఏమిటంటే, ఆవిడ దగ్గర ముందస్తు సమాచారమేదీ లేదు, గొప్ప మెషిన్ కూడా లేదు. మామూలు ప్రశ్న అడిగి, జవాబు పూర్తిగా వినేంత ఓపిక ఉంది. మనం ‘ఎక్కడికండీ’ అని అడిగి, జవాబు వచ్చేలోపు పక్కవాళ్ల టికెట్ చూస్తుంటాం.

మూడోది నాకు బాగా గుర్తుండిపోయింది. 2007లో సియాటెల్ దగ్గర వాషింగ్టన్ స్టేట్ ఫెర్రీస్‌లో ఇద్దరు మగవాళ్లు ఓడంతా తిరుగుతూ, మామూలు ప్రయాణికులు పట్టించుకోని చోట్ల ఫొటోలు తీస్తున్నారని సిబ్బందికి అనుమానం వచ్చింది. వాళ్ల ఫొటోలు ఎఫ్‌బీఐ విడుదల చేసింది, టీవీల్లో వచ్చాయి. తెల్లవాళ్లలా కనిపించకపోవడం ఆ గోలని ఇంకా పెంచింది. మరుసటి ఏడాదికి తేలిందేమిటంటే, వాళ్లు సాఫ్ట్‌వేర్ పని మీద వచ్చిన యూరప్ పౌరులు. కార్లు ఎక్కించుకునే ఓడని ఎప్పుడూ చూడలేదట, ఆ వింత ఇంట్లోవాళ్లకి చూపించాలని ఫొటోలు తీశారట. క్లాసులో నవ్వొచ్చింది కానీ తర్వాత నవ్వు రాలేదు. సియాటెల్‌లో మన తెలుగు సాఫ్ట్‌వేర్ పిల్లలు ఎంతమంది ఉన్నారు! ఫెర్రీ ఎక్కితే రెయిలింగు, ఇంజిను పొగగొట్టం, లైఫ్‌బోటు, అన్నిటితో సెల్ఫీ తీసుకోకుండా దిగేవాళ్లు ఎవరు? మా పెదనాన్న కొడుకు అక్కడే ఉన్నాడు, వాడి వాట్సాప్ స్టేటస్ చూస్తే ఎఫ్‌బీఐకి ఒక ఆల్బమ్ సరిపోతుంది.

సారు దీన్ని సిబ్బంది తప్పుగా చెప్పలేదు. అనుమానం వస్తే పైకి రిపోర్టు చెయ్యడమే వాళ్ల పని, చేశారు. కానీ ఎస్‌టీసీడబ్ల్యూ సిలబస్‌లో ప్రమాదకరమైన మనుషుల్ని గుర్తించడం అనే చోట ‘వివక్ష లేకుండా’ అని రాసి ఉందని, పుస్తకం తెరిపించి మరీ ఆ లైను మా చేత చదివించారు. గమనించాల్సింది మనిషి ఏం చేస్తున్నాడన్నది. గడ్డం, బురఖా, ఒంటిరంగు రిపోర్టులో మొదటి లైను కాకూడదు. ‘అనుమానాస్పదంగా ఉన్నాడు’ అని రాస్తే కాగితం వెనక్కి ఇచ్చేసేవారు. ‘స్టాఫ్ ఓన్లీ తలుపు హ్యాండిల్ రెండుసార్లు తిప్పాడు, అడిగితే టాయిలెట్ అనుకున్నానన్నాడు, టాయిలెట్ బోర్డు ఎదురుగానే ఉంది’ అని రాస్తే తీసుకునేవారు. ఈ అలవాటు ఒక్కటే చాలు, ఫీజులో సగం వచ్చేసినట్టే.

మర్నాడు ప్రాక్టికల్స్. క్యాబిన్‌లా కట్టిన ఒక గదిలో ఏదో దాచి వెతకమన్నారు. కుర్రాళ్లు ముందు పరుపు లేపారు, తర్వాత అలమర, తర్వాత మళ్లీ పరుపు. గదిని ఎత్తుల వారీగా విడగొట్టుకుని వెతకాలని అప్పుడు చెప్పారు. నేల నుంచి నడుము దాకా గది చుట్టూ ఒకసారి, నడుము నుంచి తల దాకా ఇంకోసారి, తల పైనుంచి సీలింగు దాకా మరోసారి. ఇద్దరు వెతికితే ఒకరు కుడి నుంచి, ఒకరు ఎడమ నుంచి. చూసేసిన చోట గుర్తు పెట్టాలి. మూడో చుట్టులో సీలింగ్ ప్యానెల్ వెనక వైర్లు చుట్టిన గడియారం దొరికింది. పద్ధతి చాలా మామూలుగా అనిపిస్తుంది. కానీ ట్రిప్పుకి ట్రిప్పుకి మధ్య లాంజ్ మొత్తం చూడాల్సి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. సీటు కింద, లైఫ్ జాకెట్లు పెట్టే చోటు, టాయిలెట్ చెత్తబుట్ట, చెయ్యి ఆరబెట్టుకునే మెషిన్ వెనక, అన్నీ ఒక వరసలో అయిపోతాయి, చూశానా లేదా అన్న టెన్షన్ ఉండదు.

వదిలేసిన వస్తువుల గురించి కూడా బాగా చెప్పారు. ఫెర్రీలో ఇవి రోజూ దొరుకుతాయి: ఫోన్లు, టిఫిన్ బాక్సులు, సగం తిన్న పులిహోర పొట్లం, పిల్లల ఒంటి చెప్పు. ప్రతిదానికీ అలారం కొడితే ఓడ కదలదు, ఏదీ పట్టించుకోకపోతే సూపర్‌ఫెర్రీ ఉండనే ఉంది. బ్రిటన్ రైల్వే పోలీసులు వాడే మూడు ప్రశ్నలు నేర్పారు. ఎవరైనా కావాలని దాచినట్టుందా? చూడగానే ఏదో తేడాగా ఉందా, వైర్లు, టేపు, కారుతున్న ద్రవం లాంటివి? అలాంటి చోట మామూలుగా ఉండే వస్తువేనా? అనుమానమైతే ముట్టుకోకూడదు, కదపకూడదు, దాని పక్కన నిలబడి వాకీటాకీలో మాట్లాడకూడదు, జనాన్ని దూరం జరపాలి. భూమ్మీదైతే అందరినీ బయటికి పంపేయొచ్చు. నడిసముద్రంలో బయట అంటే నీళ్లే, కాబట్టి ఎటు జరపాలో ముందే తెలిసుండాలి. ఆ ‘ఎటు’ అన్నది ఓడ ప్లాన్‌లో ఉంటుంది, క్లాసులో ఉండదు. ఓడ ఎక్కిన మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

కోర్సులో లేనివి డ్యూటీలో బోలెడు ఎదురయ్యాయి. మెటల్ డిటెక్టర్ మీద పాఠం రాసినవాళ్లకి మన ఆడవాళ్ల సంగతి తెలియదు. చీరకి నాలుగు పిన్నీసులు, కాళ్లకి మెట్టెలు, మెడలో సూత్రాలు, జడకి క్లిప్పులు. తల నుంచి పాదం దాకా కూస్తూనే ఉంటుంది. ఎక్కడ కూసిందో ఆ చోటికి ఆ వస్తువు సరిపోతోందా అని చూసుకోవడం నేను మాల్‌లోనే నేర్చుకున్నాను. ఒకసారి ఒక పెద్దావిడ నడుము దగ్గర గట్టిగా కూసింది. మనవడితో గుళ్లు చూడ్డానికి బయల్దేరిన తెలుగావిడే. చూపించమంటే కొంగు బిగించి పట్టుకుంది.

‘ముట్టుకోకమ్మాయ్, అది దేవుడి ముడుపు.’

పసుపు గుడ్డలో కట్టిన చిల్లర. ఆవిడ లెక్కలో దాన్ని పరాయివాళ్లు విప్పితే మొక్కు చెడినట్టే. వెనక లైను పెరుగుతోంది, మనవడు సిగ్గుపడి ‘ఇచ్చెయ్ నాయనమ్మా’ అని అరుస్తున్నాడు. అలాగని వదిలెయ్యడానికి లేదు. ‘మామ్మగారూ, నేను ముట్టుకోను. మీరే తీసి ఆ శుభ్రమైన ట్రేలో పెట్టండి, అది మెషిన్‌లోంచి వెళ్లి అటు వస్తుంది, మళ్లీ మీరే తీసుకోండి, ముడి ఎవరూ విప్పరు’ అన్నాను. ఆవిడ ట్రే మీద తన చేతిరుమాలు పరిచి, దాని మీద పెట్టింది. ఎక్స్‌రేలో నాణేలు నాణేల్లాగే కనిపించాయి. మనిషి గౌరవానికి భంగం లేకుండా సోదా చెయ్యాలని ఐఎస్‌పీఎస్ కోడ్‌లో తోటి సిబ్బందిని సోదా చెయ్యాల్సి వచ్చిన సందర్భంలో ఒక మాట ఉంది. క్లాసులో దాన్ని ఒక లైనుగా చదివి దాటేశారు. ఫెర్రీలో రోజూ అక్కరకొచ్చేది అదే. దీని మీద గంటసేపు రోల్‌ప్లే పెట్టొచ్చు కదా? ఇద్దరం ఆడవాళ్లం ఉన్నాం, పెట్టలేదు. ఆడవాళ్లని ఆడవాళ్లే చెక్ చెయ్యాలని చెప్పారు, ఎలా చెయ్యాలన్నది మాకే వదిలేశారు.

ముడుపులు సరే, కర్పూరం, అగ్గిపెట్టె, దీపాల నూనె కూడా వస్తాయి. అక్కడ జాలి పనికిరాదు. నిప్పంటుకునేవి ప్రయాణికుల దగ్గర ఉంచకూడదని ఎక్కేముందే చెబితే గొడవ తక్కువ, మెట్ల దగ్గర లాక్కుంటే ఎక్కువ.

ఇంకో లోటు కూడా ఉంది. సెక్యూరిటీ పాఠంలో ‘తలుపులు మూసి ఉంచండి’ అంటారు, ప్రయాణికుల భద్రత పాఠంలో ‘దారులు తెరిచి ఉంచండి’ అంటారు. ఒక తలుపు బయటివాళ్లకి తెరుచుకోకూడదు, లోపల ఇరుక్కున్నవాళ్లకి మాత్రం వెంటనే తెరుచుకోవాలి. ఈ రెండూ ఎక్కడ ఢీకొంటాయో ఈ కోర్సులో ఎవరూ మాట్లాడలేదు. ప్యాసింజర్ ఓడల సిబ్బందికి క్రౌడ్ మేనేజ్‌మెంట్ కోర్సు వేరే ఉంది, అక్కడ కొంత తెలిసింది. ఫెర్రీ ఉద్యోగమైతే రెండూ దగ్గర దగ్గరగా చెయ్యండి, ఒకదాంట్లో వచ్చిన సందేహం ఇంకోదాంట్లో అడగొచ్చు.

డ్రిల్స్ గురించి క్లాసులో చెప్పినదాంట్లో ఒక నియమం ఫెర్రీ వాళ్లకి బాగా తగులుతుంది. సెక్యూరిటీ డ్రిల్ కనీసం మూడు నెలలకోసారి జరగాలి. కానీ గత మూడు నెలల్లో ఆ ఓడ డ్రిల్‌లో పాల్గొననివాళ్లు వచ్చి సిబ్బందిలో పాతిక శాతానికి పైగా ఒకేసారి మారిపోతే, వారంలోపు డ్రిల్ పెట్టాలి. సరుకు ఓడల్లో ఇది ఎప్పుడో వస్తుంది. సీజన్‌ని బట్టి మనుషులు మారే ఫెర్రీల్లో సీజన్ మొదట్లోనే వచ్చేస్తుంది. పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది, మా కుర్రాళ్లలో సగం మంది మూడు నెలలు అని టిక్ పెట్టి వచ్చారు.

క్లాసులో రెండు నిమిషాల్లో ముగించేసిన ఇంకో విషయం: ఓడ భద్రత కోసం కెప్టెన్ తీసుకునే నిర్ణయానికి కంపెనీ గానీ ఓడని అద్దెకి తీసుకున్నవాళ్లు గానీ అడ్డు చెప్పకూడదు. ఒక మనిషిని, అతని సామానుని ఎక్కించుకోనని చెప్పే హక్కు కూడా ఆయనకి సోలాస్‌లో (సముద్రంలో ప్రాణరక్షణ కోసం దేశాలు చేసుకున్న ఒప్పందంలో) ఉంది. కింది స్టాఫ్‌కి ఇది తెలియడం ఎందుకంటే, టైమ్ అయిపోయింది, లైను కదలడం లేదు, టెర్మినల్ మేనేజర్ ‘త్వరగా పంపండి’ అని వాకీటాకీలో అరుస్తున్నాడు అనుకోండి. ఆ క్షణంలో బ్యాగు తెరవమని అడిగే ధైర్యం నాకు ఎక్కడి నుంచి రావాలి? పైన కెప్టెన్ నిలబడతాడని తెలిస్తేనే వస్తుంది. మా ఓడలో నిలబడతారు. అన్ని ఓడల్లో అలాగే ఉంటుందని చెప్పలేను.

హాస్టల్ గురించి: ఆడపిల్లలకి విడిగా గది ఇచ్చారు, తాళం సరిగ్గా పడదు. సెక్యూరిటీ కోర్సు చెప్పే చోట ఇదేంటని వార్డెన్‌ని అడిగితే నవ్వింది. భోజనం సాంబారన్నమే, రెండు పూటలా. ఆవకాయ పట్టుకెళ్లండి.

ఫీజు కట్టేముందు ఫోన్ చేసి మూడే అడగండి. ప్యాసింజర్ ఓడల మీద పనిచేసిన ఫ్యాకల్టీ ఉన్నారా, ఎక్స్‌రే మెషిన్ నడుస్తోందా, సోదా ప్రాక్టికల్ ఎంతసేపు. మొదటిదానికి ‘ఉన్నారు’ అంటే ఏ రోజు వస్తారో కూడా కనుక్కోండి. మా బ్యాచ్‌కి ఆ సారు వచ్చారు, ముందు బ్యాచ్‌కి రాలేదట. వాళ్లకి ఇదే కోర్సు 1.5 మార్కుల కోర్సు అయుంటుంది.

సర్టిఫికెట్ చేతికిచ్చినప్పుడు అక్కడే నిలబడి పేరు, పుట్టిన తేదీ, ఇండోస్ నంబరు (నావికులకి ప్రభుత్వమిచ్చే గుర్తింపు సంఖ్య) సరిచూసుకోండి. మన ఇంటిపేర్లతో వాళ్లు తికమకపడతారు. కవిటి కుర్రాడికి పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర ఉంటే సర్టిఫికెట్‌లో ముందు వేశారు. అది దిద్దించుకునేసరికి అతను ఎక్కాల్సిన ఓడ పారాదీప్ దాటిపోయింది.